అత్త వేలి మీద దొరగారు

మా మేనత్తను వీధిలో అందరూ చెవిటావిడ అంటారు. ఆవిడ చేతిపని ఉన్న కోట్లు వేసుకుని తిరిగేవాళ్లు కూడా అదే అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. కోటుకు చేత్తో కాజా కుట్టడమంటే మాటలు కాదు. బొత్తం దూరే ఆ చిన్న చీలిక చుట్టూ పట్టుదారం పరిచి, ఒక్కో ముడినీ గోటితో నొక్కుకుంటూ రావాలి. మిషను మీద కుట్టిన కాజా నాలుగు ఉతుకులకే నోరు తెరుస్తుంది, అత్త కుట్టింది కోటు చిరిగినా చెక్కుచెదరదు. ఆ సంగతి ఎవరూ చెప్పరు. చెవుడు సంగతి మాత్రం అడక్కుండానే చెబుతారు.

పెద్ద జ్వరం వచ్చి తగ్గాక అత్తకు చెవులు పోయాయి. అప్పటికే వయసొచ్చిన మనిషి కాబట్టి మాట పోలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి సంగతి పట్టేస్తుంది. మేడమెట్ల కింద కొట్టు, దాని వెనకే ఒక గది. ఒక్కదానివే ఎలా ఉంటున్నావని అడిగితే మాత్రం ఊరుకోదు.

"ఒక్కదాన్నెందుకవుతాను? దేవుడున్నాడు, దొరగారున్నారు," అంటుంది.

దొరగారంటే పసుపురంగు కానరీ పిట్ట. గుప్పెడు కూడా ఉండదు. దానికి అత్త చేసే మర్యాదలు మా నాన్నకు కూడా ఎన్నడూ జరగలేదు. "దొరగారు స్నానానికి దిగారు, కాస్త పక్కకి జరుగు." "దొరగారికివాళ మనసు బాగోలేదు, గింజలు ముట్టలేదు." నాన్న పళ్లు నూరుకునేవాడు.

వినపడని మనిషికి పాడే పిట్ట ఎందుకని అడగనివాళ్లు లేరు. అత్త జవాబు చెప్పేది కాదు. పంజరం తలుపు తీసి వేలు చాపేది. దొరగారు వచ్చి వాలేవారు. రెండో చేతి చూపుడువేలు ఆయన గొంతుకు ఆనించి కళ్లు మూసుకునేది. పాట ఎత్తుకోగానే ఆ గొంతు వేలి కింద వణికిపోయేది. నేనూ పెట్టి చూశాను. అంత చిన్న ఒంట్లోంచి అంత పాట తన్నుకొస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో చెప్పలేను. అత్తనడిగితే చెబుతుంది, దేవుడి మహిమ అని, ఇంకో మాట లేకుండా.

ఎదురింటి పెద్దావిడ ఒకసారి ఓదార్చబోయింది. "ఏ పాపం చేశావో తల్లీ, దేవుడు చెవులు తీసేసుకున్నాడు."

అత్త సూది ఆపి ఆవిడ మొహంలోకి చూసింది. "తీసుకుంటే తీసుకున్నాడు, వినడం నా వేలికిచ్చాడు. మీకు రెండు చెవులూ ఉంచాడుగా పెద్దమ్మా, ఇన్నేళ్లూ ఏం విన్నారు?"

ఆ పెద్దావిడ మళ్లీ ఓదార్చడానికి రాలేదు.

అలాంటి అత్తకు కంట్లో పొర కమ్మింది. కాజాలు కుట్టే మనిషికి కన్ను పోతే ఇంకేం మిగులుతుంది? ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేర్పించాం. నేను తోడున్నాను. పిట్టను నాన్న మా ఇంటికి తీసుకెళ్లాడు. "నా తల్లిలా చూసుకుంటా, బెంగపెట్టుకోకు," అని అత్త ముందు నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ మాటిచ్చాడు.

అత్తకు కట్టు కట్టి ఇంటికి పంపారు. కొట్టుకు తీసుకొచ్చేసరికి పంజరం దాని కొక్కేనికి వేలాడుతోంది. లోపల పసుపు పిట్ట ఉంది. అమ్మా నాన్నా గదిలో నిలబడి ఉన్నారు. అమ్మ నన్ను చూడగానే వీపు తిప్పేసింది.

మా ఇంట్లో గుసగుసలుండవు. అత్తకు తెలియకూడని మాటైతే వీపు తిప్పి మామూలు గొంతుతోనే మాట్లాడేసుకుంటారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇదే పద్ధతి, అప్పటినుంచీ నాకు అసహ్యమే.

"అది మన దొరగారు కాదే," అంది అమ్మ గోడతో. "మీ నాన్న పంజరం కడిగి గడియ పెట్టడం మర్చిపోయాడు. ఎగిరిపోయింది. డాబాలన్నీ ఎక్కి వెతికాడు. దొరకలేదని అదే రంగుది కొనుక్కొచ్చాడు. ఆడదిట, పాడదట. వద్దని మొత్తుకున్నాను, వింటేనా? దానికి చెవుడేగా, పైగా కంటికి కట్టు, ఏం తెలుస్తుందిలే అంటాడు."

అప్పుడే చెప్పేద్దామని అత్త వైపు తిరిగాను. అప్పటికే అత్త పంజరంలో వేలు పెట్టింది.

పిట్ట మూలకు నక్కింది. అత్త వేలు కదపలేదు. చాలాసేపు అలాగే ఉంచి, మెల్లగా దాన్ని అరచేతిలోకి తీసుకుని గొంతుకు వేలు ఆనించింది.

"దొరగారేరి?" అంది.

"ఒంట్లో నలతగా ఉంది వాడికి, అందుకే..." నాన్న కిటికీ వైపు తిరిగి గొణిగాడు. అత్త వెళ్లి ఆయన గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"నా మొహం చూసి చెప్పు అన్నయ్యా."

చెప్పాడు. పూర్తిగా చెప్పాడు. అత్త కట్టులేని కంట్లోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. ఏడవనిచ్చి ఊరుకుంటే నాన్న పరువన్నా దక్కేది. ఆ ఏడుపు భరించలేక ఆయనకు కోపం వచ్చింది.

"అన్నీ దేవుడే చూసుకుంటాడంటావుగా. చూసుకోలేదేం మరి?"

"గడియ పెట్టనిది నువ్వు. నీ మతిమరుపు తీసుకెళ్లి ఆయన నెత్తిన రుద్దకు," అంది అత్త. "ఇన్నేళ్లు నా చేతికి పాట వినిపించాడు. అది నిన్నటితో అబద్ధమైపోదు. నీకు చెవులుండీ ఒక్కరోజు వినలేదు కాబట్టే రంగు చూసి పిట్టను కొన్నావు."

నాన్న మెత్తబడ్డాడు. పంజరం మీద చెయ్యి వేశాడు. "తప్పయిపోయింది. ఇది ఇచ్చేసి మగదాన్ని తెస్తాలే, బాగా పాడేదాన్ని. ఇది పనికిరాదు."

అత్త పిట్టను గుండెకు హత్తుకుంది.

"పాడదని తిరిగిచ్చేస్తావా? వినపడదని నన్ను మా ఆయన మీ గుమ్మంలో దింపి వెళ్లినట్టా?"

ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అత్త నోట నేను వినడం అదే మొదలు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న చెయ్యి పంజరం మీదనుంచి జారిపోయింది.

"ఆయనకి పనికిరాకపోయాను. నీక్కూడా నాలుగు నెలలకే బరువయ్యాను, నాకు తెలుసులే. దేవుడు మాత్రం నన్నెవరికీ తిరిగివ్వలేదు. నేను దీన్ని ఇవ్వను. కావాలంటే నువ్వెళ్లు."

నాన్న వెళ్లలేదు. కోట్లు కత్తిరించే బల్ల అంచున కూలబడి తల వంచుకున్నాడు. అత్త పిట్టను మళ్లీ లోపల వదిలి, గడియ తానే పెట్టి, ఊచల మధ్యనుంచి వేలు చాపింది. అది వచ్చి గట్టిగా పొడిచింది.

"పొడువు తల్లీ, పొడువు," అంది అత్త వేలు వెనక్కి తీసుకోకుండా. "నాకేం తొందర లేదు."