వాన కబురు

అరబ్బు ఎడారిలో ఆదమ్ అనే ఊరు దాటాక దక్షిణంగా ఇప్పుడు నున్నటి తారురోడ్డు ఉంది. డెబ్బైల చివర్లో ఆ దారి వేస్తున్న కంపెనీలో నేను కూలీని. మాది కరీంనగర్ జిల్లా. క్యాంపులో మరో తెలుగువాడు లేడు. 'ఇధర్ ఆవో, ఉఠావో' తప్ప వారమంతా నాతో ఎవరికీ మాట ఉండేది కాదు. ఒక శుక్రవారం సెలవునాడు రూమ్‌లో ఒక్కణ్ణే కూర్చోలేక, ఎడారిలో తన ఇంటికి వెళ్తున్న మా వాచ్‌మన్ సాలిమ్ పికప్ ఎక్కేశాను. కిరాయి లేదు, బండి దిగబడితే తొయ్యాలి, అంతే.

పొద్దున చాయ్ తాగి బయల్దేరాం. సాలిమ్ వాళ్ళకు మేకల మంద ఉంది. ఆ ఏడు మేత లేక అవి చచ్చిపోతున్నాయి. దారిలో ఒక పల్లంలో నేల తడిసి, పచ్చగా కనిపించింది. ఎడారిలో వాన అలా ఒక్కచోటే కురిసి పోతుంది. సాలిమ్ దిగి మట్టిని పిసికి చూశాడు. ఆ గడ్డి ఒక్క మందకే చాలుతుంది. సాయంత్రానికి తన మేకల్ని అక్కడికి తోలాలని అతని ఆరాటం.

కాస్త దూరంలో ఒక గుడారం కనబడింది. మనుషుల్ని చూస్తానని నాకు ప్రాణం లేచొచ్చింది. సాలిమ్ మాత్రం బండి పక్కకు తిప్పాడు.

"జర ఆగుదాం భాయ్, చాయ్ తాగి పోదం," అన్నాను.

"వద్దు. దిగితే ఖబర్ అడుగుతారు. అడిగితే వాన సంగతి దాచకూడదు, అది మా ఆచారం. అడగకముందే పోవాలి," అన్నాడు తన వచ్చీరాని ఉర్దూలో.

ఖబర్ అంటే మన కబురే. అబద్ధం ఆడకూడదు కానీ, ముఖం చాటేయొచ్చన్నమాట! భలే న్యాయం అనుకున్నాను. అంతలో రేడియేటర్ మరిగి బండి ఆగిపోయింది.

గుడారంలోంచి ముసలాయన నీళ్ళ తోలుతిత్తితో వచ్చాడు. సలాములయ్యాక ఖబర్ అడిగాడు. సాలిమ్ ఒక్క క్షణం తటపటాయించి, పల్లం ఎక్కడుందో చెప్పేశాడు. ముసలాయన తాము తాగే నీళ్ళు మా రేడియేటర్‌లో పోస్తూనే ఉన్నాడు, వెనక కొడుకులు పల్లానికి మకాం మార్చడానికి గుడారం మేకులు పీకుతూనే ఉన్నారు.

తర్వాత ముసలాయన నావైపు తిరిగి ఏదో అడిగాడు.

"నీ ఖబర్ కూడా చెప్పాలి. మీ దేశంలో వాన పడిందా అంటున్నాడు," అన్నాడు సాలిమ్.

ఇంటినుంచి ఉత్తరం వచ్చి నెలలైంది. "నాకెర్క లేదు భాయ్," అన్నాను.

ముసలాయన నవ్వి నా భుజం తట్టి, సాలిమ్‌తో అన్నాడు: "దాచక్కర్లేదని చెప్పు. మా మేకలు అంతదూరం రాలేవు."

రెండు మందలూ పడి ఆ పల్లాన్ని త్వరగానే ఊడ్చేశాయి. సాలిమ్ మేకల్లో సగమే మిగిలాయి. ముసలాయన మీద కోపం లేదా అంటే, "నీళ్ళు పోశాడు కదా," అన్నాడు. నాకు మాత్రం ఆ రోజు చెప్పడానికి ఇంటి కబురైనా లేక, అంతమంది మధ్య నిలబడినా అంత ఒంటరితనం అంతకుముందు ఎన్నడూ తెలియలేదు. అటు వెళ్ళేవాళ్ళకు ఒక్కమాట: బండిలో నీళ్ళు ఎక్కువే పెట్టుకోండి, కానీ బయల్దేరే ముందు ఇంటికి ఫోన్ చేసి, అక్కడ వాన పడిందో లేదో కనుక్కోండి.