సోమవారం గానుగ

వ్యాపారం అంటే ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే ముందు వాళ్ల మొహం చూస్తాను. ఊరికే అడిగేవాళ్లు తక్కువ. మొన్న మా మనవరాలు అడిగింది. కాలేజీలో కామర్స్ తీసుకుందట. పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుని చదివింది. సరుకు కొనడం ఒక పని, తయారు చేయడం ఒక పని, నిల్వ పెట్టడం, అమ్మడం, డబ్బు చూసుకోవడం, మనుషులను చూసుకోవడం వేరే వేరే పనులు. అన్నింటినీ కలిపి చూసేవాళ్లు పైన ఒకరు ఉండాలి. విన్నంతసేపు నాకు ఒకటే అనుమానం, ఇది రాసిన పెద్దమనిషి ఎన్నడైనా దుకాణంలో కూర్చున్నాడా అని. కూర్చుని ఉంటే ఆ పనులు చేసేవాళ్లు ఒకరినొకరు ఎలా అనుమానిస్తారో కూడా ఒక పాఠం రాసేవాడు. ఆ పాఠం పుస్తకంలో లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

నేను మిరుదొడ్డి నుంచి సిద్దిపేటకు కోడలిగా వచ్చేసరికి యుద్ధం నడుస్తోంది. అత్తగారిది గానుగ ఇల్లు. పెద్ద చెక్క రోలు, అందులో రోకలి, కళ్లకు గంతలు కట్టిన ఎద్దు దాని చుట్టూ తిరుగుతుంటే నువ్వులు నలిగి నూనె దిగేది. మనవరాలి పుస్తకంలో ఉన్న పనులన్నీ ఆ ఇంట్లో ఉన్నాయి, పేర్లే లేవు. నువ్వులు కొనేది మా బావగారు, అంటే నా భర్త అన్న. ఆయన ఊళ్లు తిరిగి, కల్లాల దగ్గరే గింజ నోట్లో వేసుకుని చూసి బేరం చేసేవాడు. గానుగ నా భర్తది. నూనె కాగులున్న గది తాళం, డబ్బు, ఎవరు ఎక్కడ ఉండాలన్న మాట, మూడూ మా అత్తవి. మామగారు పోయాక బజారులో దుకాణం మీద ఎవరు కూర్చోవాలన్న తగువు వచ్చింది. అత్తకు మోకాళ్ల నొప్పులు. బావగారి భార్య బజారు మొహం చూడనంది. నన్ను కూర్చోబెట్టారు.

కొత్త కోడలిని బజారులో కూర్చోబెట్టారని చుట్టుపక్కల ఆడవాళ్లు మూతులు తిప్పారు. నాకు మాత్రం ఆ చోటు ఎంత నచ్చిందో చెప్పలేను. అమ్మడమంటే కొలపాత్ర నింపి పోయడం కాదని నాకు తొందరగానే అర్థమైంది. వచ్చినవాళ్లు నూనె చూడరు, మన చెయ్యి చూస్తారు. పాత్ర నిండాక మీద నాలుగు చుక్కలు కొసరు పోస్తామా లేదా, పోసేటప్పుడు మొహం చిట్లిస్తామా, అది చూస్తారు. నేను నవ్వుతూ పోసేదాన్ని. బేరం పెరిగింది. మధ్యాహ్నం అత్త నాకు పంపే గిన్నెలో కూర ఎక్కువ ఉండేది.

ఆ ఏడు వానలు తగ్గిన తర్వాత, మిఠాయి దుకాణం ఆయన ఒకరోజు ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చాడు. మా దగ్గర అందరికంటే ఎక్కువ నూనె తీసుకునేది ఆయనే. ఆయన వేరే చోటికి పోతే మా ఎద్దు సగం రోజు ఊరికే నిలబడాల్సిందే.

"గీ నడుమ నూనె చేదొస్తుందమ్మా. మురుకులు తిని మొకం మీదనే ఉమ్ముతున్నరు," అన్నాడు.

నేను వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. నువ్వుల నూనెకు కాస్త వగరు ఎప్పుడూ ఉంటుంది. ఇది వగరు కాదు. మింగిన తర్వాత గొంతులో చేదు మిగిలింది. ఆ పూట ఆయనకు వేరే కాగులోంచి పోసి పంపాను. వారం గడిచిందో లేదో ఇంకొకరు, తర్వాత మరొకరు వచ్చారు. ఒక్కోరోజు బాగుండేది, ఒక్కోరోజు చేదు. కొత్త నూనె పాత కాగుల్లో కలుస్తుంది కాబట్టి ఏ రోజుది చేదో తెలిసేది కాదు.

ఇంట్లో చెప్పాను. చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరి ముద్ద ఎవరికీ సయించలేదు. అత్త బావగారిని తడిసిన నువ్వులు కొన్నావా అని అడిగింది. బావగారు కోపంతో తువ్వాలు దులిపి, గానుగ సరిగా కడుగుతున్నాడో లేదో తమ్ముడిని అడగమన్నాడు. నా భర్త, కాగులకు మూతలు ఎవరు పెడుతున్నారో చూసుకోమన్నాడు. కాగుల గది అత్తది. ఆ మాటకు ఆమె ఒక్కసారి తలెత్తి అందరినీ చూసింది. చివరికి ఆ చూపు నా దగ్గర ఆగింది. బయటి నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా.

మర్నాడు అత్త మోకాళ్లు పట్టుకుంటూ దుకాణానికి నడిచి వచ్చింది. మిఠాయి ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన ఎదుటే నా చేతిలోంచి కొలపాత్ర తీసుకుంది.

"నూనె నా ఇంట్ల మంచిగనే ఉన్నది. బజార్ల చేదైతుంది. నడుమ ఉన్నది నువ్వే గద పిల్లా," అంది.

"నేనేం చేసిన అత్తా?"

"మీ తమ్ముడు బండి కట్టుకొని ఊకూకె ఎందుకొస్తుండు? పొయ్యేటప్పుడు ఏం పట్కపోతుండు? మంచి నూనె మీ అవ్వగారింటికి తోలి, కాగుల ఏం పోస్తున్నవో నాకేం తెలుసు."

మా తమ్ముడు అంగడికి వచ్చినప్పుడు నన్ను చూసి పోయేవాడు. ఒక్కసారి చిన్న బుంగలో నూనె ఇచ్చాను, అదీ అత్త చెప్తేనే. ఆ మాట గుర్తు చేయబోయాను. ఆమె వినలేదు. "ఇంటికి నడువు. మీ నాయినను పిలిపిస్త. ఆయన ముందటనే మాట్లాడుదం," అంది. మిఠాయి ఆయన తల దించుకుని పక్కకు జరిగాడు. నాకు బజారంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. దొంగ అన్న పేరుతో మా నాయన వెంట మిరుదొడ్డికి పోతే, ఇక నేను ఏ ఇంట్లో ఏం ముట్టుకున్నా నా చేతులవంకే చూస్తారు.

దుకాణం మూతపడింది, నాయనకు కబురు పోయింది. ఆయన వచ్చేలోపు నాకు ఇంట్లో పని లేదు, చూడటం తప్ప. చూశాను. ఎవ్వరినీ వదల్లేదు. బావగారు తెచ్చిన సంచుల్లోంచి గుప్పెడు నువ్వులు తీసి నమిలాను. బాగున్నాయి. ఆయనకు కోపం వచ్చింది, నేను పట్టించుకోలేదు. కాగుల గదికి అత్త పోతే గుమ్మం దాకా పోయి నిలబడ్డాను. కాగులు శుభ్రంగా ఉన్నాయి, మూతలకు గుడ్డలు కట్టి ఉన్నాయి. నా భర్త గానుగ తోలుతుంటే వెనకాలే తిరిగాను. "నా మీద గూడ అనుమానమేనా?" అన్నాడు. "అందరి మీద ఉన్నది. నీ మీద ఎందుకుండొద్దు?" అన్నాను. అత్త నన్ను బజారులో ఆ మాట అందని తెలిసి కూడా నోరు మెదపని మనిషి మీద నాకు జాలి ఎక్కడి నుంచి వస్తుంది?

అంతలో సోమవారం వచ్చింది. ఆ ఇంట్లో సోమవారం గానుగ అమ్మకానికి తిరగదు. అది శివుడి వారం. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు దీపాలకు గింజలు తెచ్చుకుంటే కూలి తీసుకోకుండా ఆడించి ఇవ్వాలి, నూనె తీశాక మిగిలిన పిండి కూడా వాళ్లకే ఇచ్చేయాలి. మా మామగారి తాతల నాటి నుంచి వస్తున్న కట్టడి అది. నాకు తెలుసు కానీ నేనెప్పుడూ చూడలేదు. సోమవారాలు కూడా నేను దుకాణంలోనే ఉండేదాన్ని కదా. ఆ రోజు అరుగు మీద అత్త కూర్చుంది, ఆడవాళ్లు మూటలు పట్టుకుని వరసగా వచ్చారు. మూటలు విప్పారు. వాటిలో నువ్వులు లేవు, కుసుమలు లేవు. ఎండబెట్టిన వేప గింజలున్నాయి.

"ఇదేంది?" అని నా భర్తను అడిగాను.

"యుద్ధంతోని ఈ ఏడు లాంతర్లకు గ్యాసునూనె దొరుకుతలేదు. నువ్వులు తెచ్చి దీపంల పోసుకునే తాకతు ఎవరికున్నది? వేప గింజలైతే ఊకెనే దొరుకుతయ్. మొన్నటి ఎండకాలం ఏరి పెట్టుకున్నరు."

"గదే రోలుల ఆడిస్తున్నరా?"

"సాయంత్రం వేడినీళ్లు పోసి కడుగుతున్న గద. అయినా దేవుని పని. దాంట్ల దోషమెట్ల పడ్తది?"

అప్పుడు నాకు తెలిసింది. ఇంటిల్లిపాదీ ఇన్నాళ్లూ నువ్వులను అనుమానించాం, కాగులను అనుమానించాం, నన్ను అనుమానించారు. సోమవారాన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు. అందులో లాభం లేదు కాబట్టి అది వ్యాపారం కాదనుకున్నారు, దేవుడిది కాబట్టి దానికి తప్పు అంటదనుకున్నారు. చెక్క రోలుకు ఈ లెక్కలేం తెలుసు? దిగిన నూనెనల్లా పీల్చుకుని, మర్నాటి నువ్వుల్లోకి వదులుతుంది.

మంగళవారం పొద్దున మొదటి దఫా నువ్వులు ఆడాక, రోలు గోడకు అంటుకున్న తెలగపిండి వేడివేడిగా తీశాను. బెల్లం ముక్క పెట్టి అత్త చేతిలో పెట్టాను. తెలగపిండి అంటే ఆమెకు ఇష్టం. నోట్లో వేసుకుంది. రెండుసార్లు నమిలింది. లేచి గోడ పక్కకు పోయి ఉమ్మేసింది. తిరిగి వచ్చి రోలు వంక చూసింది, కొడుకు వంక చూసింది. నా వంక మాత్రం చూడలేదు.

ఆ రోజే నా భర్త బాడిశ పట్టుకుని రోలు లోపలంతా చెక్కాడు. పెరట్లో మూలన పడి ఉన్న పాత రోలును వేప గింజల కోసం నిలబెట్టారు. సోమవారం ఆగొద్దని అత్త గట్టిగా చెప్పింది. నాయనను రావద్దని మళ్లీ కబురు పంపింది. సాయంత్రం కొలపాత్ర తెచ్చి నా ముందు పెట్టి, "రేపటి సంది దుకాణంల కూసో," అంది. అంతే. ఆ ఒక్క ముక్కతో అయిపోయిందనుకుంది.

"నేను పోనత్తా," అన్నాను.

"ఎందుకు పోవు?"

"నన్ను బజార్ల అన్నవు. మిఠాయి ఆయన ముందట అన్నవు. తప్పు నాది కాదని గూడ గాడనే చెప్పు."

"ఇంటి మాట బజార్లెట్ల చెప్తరే? గానుగ పేరు పోదా?"

"నా పేరు పోయినప్పుడు యాదికి రాలేదా?"

ఆమె కొలపాత్ర తీసుకుని వెళ్లిపోయింది. రెండు రోజులు తనే దుకాణం మీద కూర్చుంది. వచ్చినవాళ్లు వాసన చూసి, వేలు నాకి, అనుమానంగా వెనక్కి పోయారట. నా భర్త నన్ను బతిమాలాడు. గానుగ ఆగిపోతే అందరం ఏం తింటామన్నాడు. నాకూ భయమే. అయినా కదల్లేదు. ఒక్కసారి తల వంచుకుని ఆ చోట కూర్చుంటే, ఆ తర్వాత నూనెకు ఏమైనా మళ్లీ నన్నే అంటారు.

మూడో రోజు పొద్దున అత్త కొత్త చీర కట్టుకుంది. "నడువు," అంది. ఇద్దరం బజారు దాకా నడిచాం. దారిలో మిఠాయి దుకాణం ముందు ఆగి ఆయనను రమ్మని చెయ్యూపింది. ఆయన చేతులు తుడుచుకుంటూ మా వెంట వచ్చాడు. మా దుకాణం దగ్గర అప్పటికే నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అత్త మెట్టు ఎక్కలేదు. కిందనే నిలబడి, అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"దీపాలకని వేప గింజలు గానుగల ఆడిచ్చినం. గందుకే నూనె చేదైంది. నా కోడలి చేతిల ఏ తప్పు లేదు. నేనన్న మాటే తప్పు."

ఇన్ని రోజులూ ఆమెను ఏమేం అనాలో లోలోపల కట్టుకున్న మాటలు నాకు చాలా ఉన్నాయి. అన్నింటినీ అక్కడే వదిలేశాను. మిఠాయి ఆయన డబ్బా ముందుకు పెట్టాడు. నేను మెట్టెక్కి కొలపాత్ర ముంచి, అత్త మొహమే చూస్తూ పోశాను. సగం నూనె డబ్బాలో, సగం అత్త కాళ్ల మీద పడింది. ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు.