అక్క కూతురి కోసం నేను రాసిన కాగితం

సోమవారం కోర్టులో పిటిషన్ వేస్తున్నాం కాబట్టి ఈ సంగతి ఇవాళే రాస్తున్నాను.

అక్క విడాకులప్పుడు పాప తండ్రి దగ్గరే ఉండాలని ఆర్డర్ వచ్చింది. అక్కడ నానమ్మ చూసుకునేది. ఆవిడ పోయాక బావ లారీ డ్రైవరుగా వెళ్తూ, పాపను మైలవరంలో అక్క దగ్గర వదిలాడు. ఇక పాప అక్క దగ్గరే ఉంటుందని చర్చి పెద్దల ముందు సంతకం పెట్టాడు. ఆ కాగితం రాసింది నేనే. మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని కదా! ఏడాది తర్వాత ఇప్పుడు మళ్లీ పెళ్లి చేసుకుని, పాపను పంపమంటున్నాడు.

ఇవాళ అమ్మతో విజయవాడ వెళ్లి, లాయరమ్మ గారికి ఆ కాగితం ధీమాగా చూపించాను.

"ముత్యాల్లాంటి రాత. ఎవరిదమ్మా?"

"మా చిన్నదానిదేనండి" అంది అమ్మ మురిసిపోతూ.

"బాగుంది. మరి జడ్జి గారి సంతకమేది? ఎంతమంది పెద్దలు ఒప్పుకున్నా, కోర్టు ఆర్డర్‌ని కోర్టే మార్చాలి."

అమ్మ నా వైపు తిరిగింది. "ఆ ముక్క నీ చదువులో చెప్పలేదటే?"

అయితే పరిస్థితులు మారాయనడానికి ఆ కాగితమే సాక్ష్యంగా పనికొస్తుందట. గెలుస్తామనే నా నమ్మకం. పాప ఏడాదిగా అక్క దగ్గరే ఉందని చెప్పగలిగిన మైలవరం వాళ్లు శనివారంలోగా నాకు జవాబివ్వండి. ఈసారి రాసేది లాయరమ్మ గారే, భయపడకండి.