హార్మోనియం పెట్టెంత ప్లేయరు

మా మేనమామ రెండు వారాల కిందట, ఆదివారం పొద్దున్నే కన్నుమూశాడు. ఆమదాలవలస చుట్టుపక్కల పెళ్లి వీడియోలు తీయించుకున్నవాళ్లకి ఆయన గొంతు గుర్తుండే ఉంటుంది: "నవ్వమ్మా, ఇటు సూడు." కబురు విని బాగా ఏడ్చాను. కానీ ఈ నాలుగు మాటలూ ఏడుస్తూ రాయను. మా మావ గెలిచినవాడు.

నా పెళ్లి కోసమే హై డెఫినిషన్ కెమెరా కొన్నాడు. మామూలు డిస్కులో పోస్తే బొమ్మ సచ్చిపోద్దంటూ బ్లూ-రే డిస్కుల్లోకి ఎక్కించి, చీపురుపల్లిలో మా అత్తవారికి పంపాడు. వాళ్లు తమ డీవీడీ ప్లేయర్లో పెట్టారు. ఏమీ రాలేదు. తిరగేసి పెట్టారు, కొంగుతో రుద్ది పెట్టారు. "మీ మావ ఉత్త డిస్కులు అంటగట్టినాడే" అంది మా అత్త. ఆ మాట వీధంతా పాకింది. కొత్త కోడలిని, తలెత్తుకోలేకపోయాను. వీడియోకి మాట్లాడుకున్న రెండు పెళ్లిళ్లవాళ్లు మావని వద్దనేశారు.

ఫోన్లో చెబితే కోప్పడలేదు. రేపొస్తానన్నాడు, అంతే.

వచ్చాడు, రైల్లో, ఆ డిస్కులు ఆడే బ్లూ-రే ప్లేయరు ఒళ్లో పెట్టుకుని. ఇప్పటి పిల్లలు నమ్మరుగానీ, ఆ మొదటి రోజుల ప్లేయరు హార్మోనియం పెట్టెంత ఉండేది. భజనకా అని రైల్లో ఎవరో అడిగారట. మా అత్తవారి గోడ షోకేసులో అది పట్టలేదు. బొమ్మలన్నీ తీసినా పట్టలేదు, ఏటవాలుగా తోసినా పట్టలేదు. చివరికి పీట వేసి టీవీ ముందు కూర్చోబెట్టారు. స్విచ్ వేశాక అది నిద్ర లేవడానికే బోలెడు సేపు. మా అత్త మూతి తిప్పుకుని కూర్చుంది.

బొమ్మ పడింది. అబ్బ, ఏం బొమ్మ! తలంబ్రాల్లో గింజ గింజా లెక్కపెట్టొచ్చు. పట్టుచీర చిరుగుకి మా అత్త ఎవరికీ తెలియకుండా వేసుకున్న కుట్టు కూడా బయటపడిపోయింది.

"నా కుట్టు కూడా కనపడిపోతన్నాది కదరా నాయనా" అని ఆవిడే పకపకా నవ్వి, వెళ్లి వీధివాళ్లందరినీ పిలుచుకొచ్చింది. నేను తలెత్తుకుని అందరికీ టీలు ఇచ్చాను. వద్దన్న రెండు పెళ్లిళ్లూ మావ దగ్గరికే తిరిగొచ్చాయి.

తర్వాత సన్నటి ప్లేయర్లొచ్చాయి, ఫోన్లొచ్చాయి. తన ఇంట్లో ఉన్న ఆ పెట్టెని పాత ఇనుము వాడికి వేసెయ్యమని నేనంటే మాత్రం మావ తన పొట్ట తట్టి చూపించేవాడు. "లావుగా ఉన్నాదని దాన్నేసేస్తే, రేపు నన్నూ ఏసేస్తావేటే?"

పెద్దకర్మకి ఫొటో కావాల్సి వచ్చింది. వెతికితే ఒక్కటీ లేదు. వందల పెళ్లిళ్లలో ఆయన కెమెరా వెనకాలే ఉన్నాడు. ఆధార్ కార్డులో ఉన్నది ఎవరో దొంగలా ఉంది. మేమంతా తలలు పట్టుకుంటే చీపురుపల్లి నుంచి వచ్చిన మా అత్త అంది, "ఆ పెద్ద పెట్టి తెండి. ఉంగరం తీసినకాడ బిందెలో సూడండి."

మళ్లీ పీట వేశాం. మళ్లీ నెమ్మదిగా నిద్ర లేచింది. నీళ్ల బిందెలో నా చెయ్యీ మా ఆయన చెయ్యీ ఉంగరం కోసం కొట్లాడుకుంటున్నచోట బొమ్మ ఆపాం. తళతళలాడే ఇత్తడి మీద, భుజాన కెమెరాతో, ఒక కన్ను మూసుకుని, పళ్లన్నీ బయటపెట్టి మావ.

ఆ బొమ్మనే పెద్దది చేయించి దండ వేశాం. వచ్చినవాళ్లంతా దండం పెట్టబోయి నవ్వేస్తున్నారు. బిందె పొట్టలో మావ కూడా నవ్వుతూనే ఉన్నాడు.