మొలలోతు అన్నాను

నేను బరువులు మోసే రకం కాదండి. చేపల ట్రే ఎత్తమంటే పొద్దున్నుంచీ నడుం పట్టిందని చెప్పి, ఎత్తేవాడి పక్కన ఖాళీ చేతులతో నడుస్తూ వాడికి కబుర్లు చెప్పే మనిషిని. ఏడో తరగతిలో బడి మానేసింది కూడా పుస్తకాల సంచీ మొయ్యలేకే అంటుంది మా అమ్మ. ఆ సంచీలో ఉండేవి రెండు నోటుపుస్తకాలు, ఒక జామకాయ. అలాంటివాణ్ణి ఆరేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. నా మాటే. అనడానికి రెండు క్షణాలు పట్టలేదు. దించడానికి ఇంతవరకూ చోటు దొరకలేదు.

మీకే ఎందుకు రాస్తున్నానంటే, మీరు నన్నెరగరు. మా ఊళ్ళో నా మొహం చూస్తే ముందే నవ్వొచ్చేస్తుంది. నేను ఏడుస్తూ చెప్పినా, ఇంకాసేపట్లో ఏదో జోకు వేస్తాడని కాచుకుని కూర్చుంటారు. మీకా అలవాటు లేదు కదా.

మాది కొల్లేటికోట. ఆరేళ్ళ కిందట చలికాలంలో పట్నం నుంచి ఒక క్లబ్బువాళ్ళొచ్చి మా లంకలో పెద్ద పందెం పెట్టారు. ట్రయాథ్లాన్ అట. మూడు పందేలు, మధ్యలో ఆగేది లేదు. ముందు లంక చుట్టూ ఈత, దగ్గర దగ్గర నాలుగు కిలోమీటర్లు. గట్టెక్కి ఆ తడితోనే సైకిలు. దెందులూరు మీదుగా ద్వారకా తిరుమల కొండ కిందిదాకా పోయి, వెనక్కొచ్చి, చాలనట్టు చేపల చెరువుల గట్లమీద ఇంకో రెండు చుట్లు. ఆ గట్లమీద నీడనేది ఉండదు, ఎదురుగాలి, దారి పొడుగునా మేత వాసన, మధ్యమధ్య లారీలు. అదయ్యాక పొద్దుగూకేదాకా లంకలో పరుగు.

"ఇంతా చేసి చివరికి ఎక్కడికి చేరతారండీ?" అనడిగాను క్లబ్బాయన్ని.

"మొదలుపెట్టిన చోటికే."

"మరి అక్కడే కూచుంటే పోలా!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుమీదే నాకు పని ఇచ్చారనుకుంటాను. ఈత దారికి వెదుర్లు పాతి, వాటికి నారింజరంగు గుడ్డలు కట్టే పని.

కొల్లేట్లో ఈదడం అంటే కష్టం లోతు కాదండి. చాలా చోట్ల మొలలోతే. వానలు బాగా పడ్డ ఏడాది గుండెలోతు. అసలు కష్టాలు వేరే ఉన్నాయి. అడుగున ఒండ్రు, కాలు పెడితే మోకాలిదాకా దిగుతుంది. నీళ్ళు టీ రంగు, ఎవరి చెయ్యి వాళ్ళకే కనపడదు. గుర్రపుడెక్క ఇవాళ ఇక్కడుంటే రేపు గాలి మారి అక్కడుంటుంది. తలెత్తి గురి చూసుకుందామంటే చుట్టూ ఒక కొండ లేదు, ఒక మేడ లేదు. అందుకే ఆ వెదుర్లే వాళ్ళకి దారి. పొద్దెక్కేసరికి గాలి లేచి, ఈదేవాణ్ణి వాడికే తెలీకుండా పక్కకి నెడుతుంది.

ఒక్కచోట మాత్రం నిజంగా లోతు. ఒకప్పుడు చేపల చెరువులకి గట్లు పోశారు కదా, ఆ మట్టి పక్కనే తవ్వారు. తర్వాత గట్లు కొట్టేశారు. గట్టు పోయింది, గొయ్యి మిగిలింది. రెండు నిలువుల లోతు, పొడుగ్గా. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. ఆ మట్టి తీసిన రోజుల్లో నేను పొక్లెయిన్ పక్కన కూలికి ఉన్నాను. దాని అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. క్లబ్బువాళ్ళకి దాని సంగతి చెప్పింది నేనే. ఈత దారిని దానికి ఎడంగా మళ్ళించారు. గాలికి ఎవరన్నా అటు కొట్టుకొస్తే ఆపడానికి అక్కడో దోనె ఉండాలన్నారు. ఆ దోనె నాది. వెనక గెడ పట్టుకున్నది మా బావ.

ఇది ముందే చెప్పేస్తున్నాను. తెలీక అన్నాడు పాపం అని మీరు అనుకోకూడదు. నాకు తెలుసు. తెలుసనే కదా నన్నక్కడ పెట్టింది.

ఇంకో ముక్క కూడా చెప్పారు. అలిసిపోయినవాళ్ళు దోనె అంచు పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు, పందెం పోదు. దోనె ముందుకి కదలకూడదు, అంతే. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఈ మాట చెప్పండి అన్నారు. పొద్దుట చాలామందికి చెప్పాను కూడా. చెబుతూ చెబుతూ మధ్యలో నా మాటలు కలుపుతూ వచ్చాను. "కొల్లేట్లో మునగాలంటే పడుకోవాలండీ", "వెనక్కి చూడకండి, మిమ్మల్ని కొంగలు దాటేస్తున్నాయి". వాళ్ళు నీళ్ళు మింగుతూ నవ్వేవారు. బావ గెడమీద వాలిపోయి నవ్వేవాడు. నాకు హుషారెక్కింది. నవ్వినకొద్దీ ఇంకోటి కావాలి. తాగేవాళ్ళకి ఎలా ఉంటుందో నాకు తెలీదు గాని, ఇలాగే ఉంటుందేమో.

చిట్టచివర వచ్చారు మాస్టారు. తాడేపల్లిగూడెంలో బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనాయన. అందర్లోకీ పెద్దాయన. ముందురోజు సాయంత్రం గట్టుమీద కూచుని నాతో చాలాసేపు మాట్లాడారు. రెండేళ్ళుగా తెల్లారగట్ట కాలవలో ఈదుతున్నారట. గెలవడానికి కాదు, చివరిదాకా వెళ్ళడానికి, అన్నారు. "మా ఆవిడ వద్దంటోందండీ. పూర్తిచేసి మెడల్ ఆవిడ మెళ్ళో వెయ్యాలి" అని నవ్వారు. నాబోటివాణ్ణి పట్టుకుని అండీ అనేవారు ఆయన.

మిగతావాళ్ళు సైకిళ్ళెక్కి వెళ్ళిపోయి చాలాసేపైంది. నీళ్ళలో ఆయనొక్కరే. గాలి ఆయన్ని వెదుర్ల దారి తప్పించి మా వైపుకి తోసుకొచ్చింది. దోనెకి నాలుగు బారల దూరంలో ఆగి, నీళ్ళు చిమ్ముకుంటూ తల పైకెత్తారు. సరిగ్గా గొయ్యిమీద ఉన్నారు.

"ఏవండీ, ఇక్కడ కాలు అందుతుందాండీ?"

నేను చెప్పవలసినవి రెండే మాటలు. లోతండీ, ఇలా వచ్చి పట్టుకోండి. అంతే కదా? అవి నా నోటిదాకా వచ్చాయి. వాటిని పక్కకి నెట్టి ఇంకోటి ముందుకొచ్చింది.

"అందకపోవడమేంటండీ మాస్టారూ! మొలలోతు. పంచె ఎగ్గట్టుకుని నడిచిపోండి."

బావ నవ్వాడు. మాస్టారూ నవ్వారు. "అమ్మయ్య, బతికించారు" అన్నారు. అని, ఈత ఆపి, కాళ్ళు కిందికి వదిలారు.

ఎందుకన్నాను? ఆరేళ్ళుగా నన్ను నేను ఇదే అడుగుతున్నాను. ఆయనమీద నాకేం కోపం? ఏమీ లేదు. చదువుకున్నవాళ్ళంటే లోపల ఎక్కడో కుళ్ళు ఉండి, ఒక మాస్టారు ఒక్క గుటక బురదనీళ్ళు మింగితే చూద్దామనిపించిందా? అలాంటిదేదో ఉంటే బాగుండుననిపిస్తుంది ఒక్కోసారి, ఎందుకంటే అప్పుడు దానికి కనీసం ఒక కారణం ఉంటుంది, పగ అనో ఈర్ష్య అనో పేరు పెట్టుకోవచ్చు. ఎంత తవ్వినా నాకు దొరికింది ఇంతే: ఒకసారి బుడుంగున మునిగి, దగ్గుతూ లేచి, "ఎంత పని చేశారండీ" అంటారు, బావ ఇంకోసారి నవ్వుతాడు. అంతవరకే చూశాను. నవ్వుకోసం.

ఆయన లేవలేదు.

అలిసిన మనిషి, ఊపిరి వదిలేసి ఉన్నారేమో, సూటిగా అడుక్కి దిగిపోయారు. ఒండ్రులో కాళ్ళు కూరుకున్నాయి. పైన డెక్క మళ్ళీ కమ్ముకుంది. బుడగలొచ్చాయి. అప్పుడే దూకి ఉంటే? ఇక్కడొకటి ఉంది, రాయకుండా దాటేద్దామనుకున్నాను. ఆ బుడగలు చూస్తూ నేను రెండో జోకు వెతుక్కుంటున్నాను. లేచాక ఏమనాలా అని. దొరికింది కూడా. అది మీకు చెప్పను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇంక చెప్పను.

బావ అరిచాడు. అప్పుడు దూకాను. వెతికేసరికి, కాళ్ళు ఊడబెరికేసరికి, ఇద్దరం కలిసి దోనెలోకి లాగేసరికి చాలాసేపైంది. పొట్ట నొక్కాం. నోట్లోంచి బురద వచ్చింది. గట్టుమీద అంబులెన్సు సిద్ధంగానే ఉంది. ఏలూరు తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. మెదడుకి గాలి అందలేదన్నారు.

ఆ మధ్యాహ్నం క్లబ్బాయన అడిగాడు, ఏం జరిగిందని. బావ నా పక్కనే నిలబడ్డాడు. నేను చెప్పాను: "అరిచానండీ. లోతుంది, ఇటు రావద్దండీ అని గొంతు చించుకున్నాను. వినిపించుకోలేదు." బావ నా మొహంలోకి చూశాడు. తర్వాత తల ఊపాడు. ఆ తర్వాత వాడు నా దోనె ఎక్కలేదు. ఇప్పటికీ ఎదురుపడితే బాగున్నావా అంటాడు, బాగున్నానంటాను, ఎటువాళ్ళం అటు పోతాం.

మొదటి మాట నోరు జారిందనుకున్నా, రెండోది జారలేదండి. ఏరి, కూర్చి, చెప్పాను.

దాంతో తప్పంతా మాస్టారిదైపోయింది. ఈ వయసులో అవసరమా అన్నారు జనం. పడవవాడు మొత్తుకున్నా వినలేదట అన్నారు. నాకేమో ఏలూరులో మీటింగు పెట్టి శాలువా కప్పారు, నీళ్ళలోకి దూకి ప్రాణం కాపాడాడని. పేపర్లో ఫోటో వేశారు. నా ఫోటోలన్నిట్లో నేను బాగా పడ్డది అదొక్కటే. మా అమ్మ దాన్ని అద్దం కట్టించి గోడకి పెట్టింది. దానికింద కూచుని అన్నం తింటాను.

ఆ పందెం మళ్ళీ మా లంకలో పెట్టలేదు.

నెలకోసారి కొరమీను పట్టుకుని తాడేపల్లిగూడెం వెళుతున్నాను. ఎందుకు వెళతానో మీరు అడక్కండి, వెళ్ళకపోతే ఉండలేను. మాస్టారు వరండాలో కుర్చీలో ఉంటారు. మాటల్లేవు. కాళ్ళు ఆడతాయి గాని, మంచం దిగేముందు పాదంతో నేలని తడుముతారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నేల ఉందని నమ్మకం కుదిరాకే బరువు వేస్తారు.

ఇంకోటండి. నన్ను చూస్తే ఆయన నవ్వుతారు. ఎవర్ని చూసినా నవ్వరట, కన్నకూతురొచ్చినా. నన్ను చూస్తే మాత్రం మొహమంతా విప్పారుతుంది. "చూశావా, ఆయనకి అన్నీ పోయినా నువ్వు గుర్తున్నావు బాబూ, కాపాడినవాడివి కదా" అంటారు అమ్మగారు, మాస్టారి భార్య. ప్రతి ఆదివారం చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేస్తారట. ఆయన నవ్వు దేనికో నాకు తెలుసు, ఆ రోజు నేనేసిన జోకుకి. లేక ఏమీ తెలీని నవ్వేనా? రెంట్లో ఏదైతే నయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆవిడ మంచావిడ. కాని మనిషే కదా. అన్నం పెడుతూ, పంచె మారుస్తూ, తల దువ్వుతూ ఆయన్ని అంటూనే ఉంటారు. వద్దంటే విన్నారా? నా మాట వినలేదు సరే, నీళ్ళలో అంతలా అరిచి చెప్పిన మాటన్నా విన్నారా? ఇదంతా నా ముందే. ఆయన తల వంచుకుంటారు. ఎదురు చెప్పగలిగే మనిషి కాదుగా. నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూచుని వినేవాణ్ణి. ఎన్ని నెలలు? మీరే లెక్కేసుకోండి.

పోయిన నెల వెళ్ళినప్పుడు ఆయన అన్నం తినకుండా మొహం తిప్పుకున్నారు. ఆవిడ విసిగిపోయి, "ఎవరి మాటా వినరు మీరు. ఆ రోజూ అంతే" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "ఆ రోజు ఆయన విన్నారండీ అమ్మగారూ. నేను చెప్పింది చెప్పినట్టు విన్నారు."

తర్వాత మొత్తం చెప్పేశాను. పంచె ఎగ్గట్టుకోమన్నదీ, బతికించారన్నదీ, బుడగలూ, అరిచానన్న అబద్ధమూ. నవ్వించకుండా నేను ఇంతసేపు మాట్లాడటం జన్మలో అదే మొదటిసారి. మాస్టారు నన్నే చూస్తున్నారు, నవ్వుతూ. ఆవిడ చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు. ఇది చదివి మీరు కూడా ఏమీ అనక్కర్లేదు. క్లబ్బువాళ్ళకి చెప్పాలి, బావతో మాట్లాడాలి, గోడమీది ఫోటో తీసెయ్యాలి. ఏదీ ఇంకా చెయ్యలేదు. చెయ్యగలనో లేదో తెలీదు. దేంతోనూ ఆయన కాళ్ళకి నేల మీద నమ్మకం తిరిగిరాదు. కాని ఇక్కడిదాకా రాశాక, ఇన్నాళ్ళకి, గుండెల్లో ఇరుక్కున్న ఊపిరి ఒకటి బయటికొచ్చింది. అంతవరకే. అంతకుమించి నాకు రావాల్సింది కూడా ఏమీ లేదు.

ఆ రోజు అంతా చెప్పేశాక, "ఏదో ఒకటి అనండమ్మా, తిట్టండి" అన్నాను. ఆవిడ ఆ ముద్ద ఆయన నోట్లో పెట్టి, మూతి తుడిచి, నా వైపు చూడకుండానే అన్నారు:

"నీకు రావలసిన తిట్లన్నీ ఆరేళ్ళుగా ఈయనే తిన్నారు బాబూ. నీకు పెట్టడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు."