కెమెరా వెనక కట్టె

కరోనా రోజుల్లో, మన నేతవాళ్లు వలసపోయి బతికే ఉధ్నాలో మగ్గాలు బంద్ అయ్యాక నా విద్యార్థి ఇంట్లో దెబ్బలు ఎక్కువయ్యాయి. అంతకుముందు తండ్రి షిఫ్టుకు పోయినంతసేపైనా వాడి వీపుకు సెలవుండేది. తల్లి ఊరికి పోయి అక్కడే ఇరుక్కుపోయింది. ఒక్క గదిలో పొద్దంతా తండ్రీకొడుకులే. వాడికి ఆటిజం. మనుషుల మొహంలోకి చూసి మాట్లాడలేడు. దాన్ని ఆ మనిషి పొగరనుకునేవాడు, కొడితే దిగుతుందనుకునేవాడు.

నేను కాలేజీలో కంప్యూటర్లు చెప్పేదాన్ని. బట్ట ఫొటోల్లో తెగిన పోగును కంప్యూటరే పట్టుకునేలా దానికి నేర్పే పనిలో మా క్లాసులో వాడిని మించినవాడు లేడు. ఒక ఏఐ కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది, అదీ ఆన్‌లైన్‌లోనే. కెమెరాలోకి సూటిగా చూడకపోతే ఉద్యోగం రాదని కాలేజీవాళ్లు ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పారు. ఇంటికి చెప్పొద్దు మొర్రో అన్నా నా మాట వినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటర్వ్యూ రోజు మాస్కు కట్టుకుని వాళ్ల గుమ్మంలో కూర్చున్నాను. వాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చోగానే తండ్రి దాని వెనక నిలబడ్డాడు, మగ్గంలో విరిగిన కట్టె ఒకటి చేత్తో పట్టుకుని. నేను లేచి లాక్కోబోతే తోసేశాడు. నా తల తలుపుకు కొట్టుకుంది. అప్పటికే తెర మీదికి కంపెనీవాళ్లు ఇద్దరు వచ్చేశారు.

వాడి చూపు మాటిమాటికీ పైకి పోతుంటే, అక్కడ ఎవరైనా ఉన్నారా అని తెర మీది ఆవిడ అడిగింది. వాడికి అబద్ధమాడటం రాదు. ఇంగ్లీషులో, తడబడకుండా చెప్పాడు.

"మా నాన్న కట్టె పట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కకు చూస్తే కొడతాడు. నిన్న మోకాలి కింద కొట్టాడు. మొన్న మెడ మీద."

ఇంగ్లీషు ముక్క రాని తండ్రి, కొడుకు అంత గడగడా మాట్లాడటం చూసి మురిసిపోయాడు. వాడు చెప్పే ఒక్కో దెబ్బకూ తల ఊపుతున్నాడు.

ఆవిడ గొంతు మారింది. రేపు వేరే ఇంటి నుంచి మాట్లాడమని, ఉద్యోగం సంగతి అప్పుడే తేలుస్తామని చెప్పి కాల్ ఆపేసింది.

"మస్తు మాట్లాడిండు గద అక్కా. ఏం చెప్పిండు?" అన్నాడు తండ్రి.

ఒక్క మాట వదలకుండా తెలుగులో చెప్పాను. చెప్పడం పూర్తికాకముందే కొడుకు మీదికి కట్టె లేచింది. నేను అడ్డం పోయాను. దెబ్బ నా ముంజేతి మీద పడింది.

పరాయి ఆడమనిషిని కొట్టానని ఆ మనిషికి వణుకు పుట్టింది. కట్టె పారేసి నా కాళ్ల మీద పడ్డాడు, తప్పయిందని ఏడ్చాడు. ఇన్నేళ్లలో కొడుకుతో ఒక్కసారీ అనని మాట అది. పట్టుకోవాల్సింది నా కాళ్లు కాదని అరిచాను.

వాడు దగ్గరికొచ్చి నా చేతిని చూశాడు. మొహం వైపు చూడలేదు.

"గీడ తాకితే బొక్క ఇరగది మేడం. రాత్రికి వాస్తది. పొద్దుగాల చెయ్యి లేవది. ఏడ్వకుంటే రెండోది పడది."

తండ్రి తల ఎత్తలేదు. నేను రెండో చేత్తో ల్యాప్‌టాప్ మూసి చంకన పెట్టుకుని, మా ఇంటికి పోదామని వాడిని చెప్పులు వేసుకోమన్నాను.