ఇప్పపూలలో రబ్బరు కంపు

కాలిన రబ్బరు వాసన తగిలితే నేను ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను. ఎవడైనా టైర్లను ఉన్నచోటే గిరగిరా తిప్పి, పొగలేపి, అదో గొప్ప విద్యన్నట్టు నవ్వితే వాడి మొహం చూడబుద్ధి కాదు. ఛీ, అదేం సరదా!

అవి బస్తరు సంస్థానం రోజులు. మా ఊరు కోంటకు పోయే తోవ పక్కనే. ఎండలు ముదిరితే తోవ పక్కన జాగా అలికి ఇప్పపూలు ఎండబోసేవాళ్లం. ఆ ఏడు పంట పోయింది. వానాకాలం గడవాలంటే తినడానికి ఆ పూలే దిక్కు. అమ్మ మేకను కూడా అటు రానిచ్చేది కాదు.

కలప గుత్తేదారు అల్లుడు పట్నం నుంచి కొత్త కారులో దిగాడు. పనీపాటా లేని మహానుభావుడు. మా పూల ముందు ఒక మద్ది దుంగ వేయించి, ముందు చక్రాలు దానికి ఆనించాడు. క్లచ్ తొక్కి, మొదటి గేరు వేసి, ఇంజను అరిచేదాకా యాక్సిలరేటర్ నొక్కి, క్లచ్ ఠక్కున వదిలాడు. కారు కదల్లేదు. వెనక చక్రాలు మాత్రం రాతినేల మీద గిర్రున తిరిగి పొగలు కక్కాయి. ఇద్దరు దోస్తులు చప్పట్లు కొట్టారు. అమ్మ చీర కొంగుతో పూలు కప్పబోయింది.

అంతలో నాన్న చేలోంచి వచ్చాడు. చక్రం తిరిగినా బండి కదలలేదంటే ఇరుక్కున్నట్టే, ఆయనకు తెలిసింది అంతే. వాగు ఇసుకలో దిగబడ్డ మోటార్లను బేగారికి, అంటే కూలి లేకుండా, నెట్టి నెట్టి ఆయన భుజాలు కాయలు కాశాయి. ఆలస్యమైతే వీపు మీద దెబ్బలు. ఎవరూ పిలవకుండానే పరుగెత్తి, గడ్డపారతో దుంగను పక్కకు దొర్లించాడు.

కారు ఎగిరి పూల మీద పడింది. ఈ చివర నుంచి ఆ చివరకు దున్నేసి ఆగింది. అల్లుడు దిగి టైర్లు చూసుకున్నాడు. మా వైపు చూడనైనా లేదు, దరిద్రుడు.

నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "దుంగ అడ్డం పడ్డది దొరా. తీసిన. ఇగ ఎల్లొచ్చు."

వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వి, అలాగే వెళ్లిపోయారు.

అమ్మ పూలు ఎత్తి, వాగులో కడిగి, మళ్లీ ఎండబెట్టింది. కంపు పోలేదు. ఆ వానలన్నీ మేం ముక్కు మూసుకుని ఆ పూలే మింగాం. చెల్లి రోజూ కక్కేది.

ఒకనాడు ముద్ద దిగక నాన్నతో అనేశాను, బండి ఇరుక్కోనేలేదని, వాళ్లు ఆడుకున్నారని. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"టైర్లు కాలబెట్టే ఆటేందే? అది ఇరుక్కున్నది. నేను తీసిన," అని నా పళ్లెంలో ఇంకో గరిటె పూలు వేశాడు.